మిగిలిన రెండడుగులు

సైదావలి సీసాలోంచి నాలుగు చుక్కలు మట్టి మీద వేసి పిసికాడు. నీళ్ళు ఎక్కువైతే మట్టి జారిపోతుంది, తక్కువైతే అబద్ధం చెబుతుంది. ముద్ద కుదురుకున్నాక రెండు అరచేతుల మధ్య తాడులా పేని, కొసలు కలిపి గాజులా వంచాడు. ఎక్కడా చిట్లలేదు.

"రాసుకోండమ్మా, నల్లరేగడి. మూడడుగులదాకా ఒకటే మన్ను," అన్నాడు గుంటలోంచి.

గట్టు మీద డయానా తడి మట్టిగడ్డను మట్టి రంగులు పోల్చే పుస్తకంలోని అట్ట పక్కన పెట్టి, ఒక కన్ను మూసి చూసి రాసుకుంది. భూసార పరీక్షా కేంద్రంలో ఆఫీసరుగా చేరి ఆమెకు రెండు నెలలు. అక్కడే సహాయకుడిగా ముప్పైనాలుగేళ్ళు పనిచేసిన సైదావలికి ఇది ఆఖరి రోజు. నిన్న సాయంత్రమే శాలువా కప్పి మైసూర్‌పాకు పంచారు. ఈ పూట కుర్చీలో కూర్చుని, ఒక సంతకం పెట్టి వెళ్ళిపొమ్మన్నారు. ఆయనే అడిగి మరీ చల్లపల్లి దగ్గరున్న ఈ చేనికి వచ్చాడు.

"చివరి రోజున ఈ ఎండలో గుంటెందుకండీ?" అని పొద్దున పటమటలో జీపెక్కుతుంటే డయానా అడిగింది.

"రెండడుగులు మిగిలిపోయాయమ్మా."

గట్టు అవతలి చేను సుబ్బరత్నం గారిది. పదిహేనేళ్ళుగా పురుగుమందు వాసన చూడని నేల. పెళ్ళ పగలగొడితే వానపాములు కనిపిస్తాయి. దాన్ని ఆనుకుని పల్లంలో ఉన్న, ఇప్పుడు గుంట తవ్వుతున్న చెక్క ఆమె మరిది శ్రీనివాసరావుది. అందులో రొయ్యల చెరువు తవ్వాలని ఆయన పట్టుదల. చెరువు వస్తే ఉప్పునీరు ఊరి తన పసుపు చేను చస్తుందని ఆమె భయం. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క పాత కాగితం. ఆ పల్లం చెక్కలోనే పన్నెండేళ్ళ కిందట తవ్వి చూసిన గుంట తాలూకు నివేదిక అది. ఐదడుగుల వరకూ బంకమన్నే, నీరు కదలదు అని ఉంది అందులో.

శ్రీనివాసరావు దాని జిరాక్సు ఊపుతూ గట్టు మీద నిలబడ్డాడు. "ఇంకా ఏం చూస్తారండీ? మీ ఆఫీసు కాగితమే కదా ఇది!"

"ఆఫీసుదేనండి. రాత మాత్రం నాది," అన్నాడు సైదావలి. గొంతు కొంచెం తగ్గింది. "ఆ రోజు మూడడుగులే తవ్వాను. మనవరాలు పుట్టిందని ఫోనొస్తే వెళ్ళిపోయి, కింద ఇంకా రెండడుగులు చూడకుండానే 'అదే' అని రాశాను."

డయానా పెన్ను ఆగింది.

ఆ రోజు కూడా ఇలాగే గుంటలో ఉన్నాడు. భార్య జరీనా ఫోను చేసింది. కోడలు తబస్సుంకి ఆడపిల్ల పుట్టిందని, చెవులు అచ్చం తాతవేనని. గునపం అక్కడే పారేసి, చేతుల మట్టయినా కడుక్కోకుండా బస్సెక్కాడు. పిల్లకు ఇఫ్రా అని పేరు పెట్టిన సంబరంలో నివేదిక రాసేశాడు. వంచిన గాజు కూడా గట్టు మీదే మరిచిపోయాడు.

ఏ ఊరు వెళ్ళినా ఆ ఊరి మట్టిగాజు ఒకటి, జరీనా మణికట్టు కొలతకు వంచి, ఇంటికి తెచ్చేవాడు. "లోకంలో మొగుళ్ళు బంగారం తెస్తే మీరు బంకమట్టి తెస్తారు," అని గొణుగుతూనే ఆమె వాటిని వంటింటి కిటికీలో వరసగా పేర్చేది. ఆమె పోయి నాలుగేళ్ళయినా ఆ వరస చెదరలేదు. ఈ చేని గాజు మాత్రం అందులో లేదు.

పొద్దున కూలి ఏసుపాదం గుంట తవ్వుతుంటే సైదావలి మూడడుగుల దగ్గర ఆపించాడు. మిగతాది తనే తవ్వాలి. గునపం ఎత్తాడు. మూడున్నర. బంకే. నాలుగడుగులు. మళ్ళీ గాజు వంగింది, ఈసారీ చిట్లలేదు.

"మరిదీ, గెలిచినట్టే ఉన్నావయ్యా," అంది సుబ్బరత్నం, మజ్జిగ చెంబు కిందికి అందిస్తూ. గొంతులో వేళాకోళం ఉంది, చూపు మాత్రం గుంట అడుగునే ఉంది.

సైదావలి మజ్జిగ తాగాడు. ఉప్పు, అల్లం సరిగ్గా పడ్డాయి. ఎక్కడినుంచో ఒక మబ్బుతునక వచ్చి గుంట మీద నిలబడింది. బిస్మిల్లా అనుకుని వంగాడు.

నాలుగున్నర అడుగుల దగ్గర గునపం చప్పుడు మారింది. చప్పున దిగింది. పిడికెడు పైకి తీసి పిసికాడు. ముద్ద కట్టలేదు. వేళ్ళ సందుల్లోంచి చల్లగా, గరగరలాడుతూ రాలింది. మధ్యలో తెల్లటి నత్తగుల్లలు రెండు.

"ఇసుక!" అని అరిచాడు చిన్నపిల్లాడిలా. "ఏటి ఇసుకమ్మా! ఎప్పుడో ఇటుగా కృష్ణ పాయ పారింది!"

డయానా చీర కుచ్చెళ్ళు దోపుకుని గుంటలోకి దిగింది. ఇసుక పొరను వేలితో పొడిచి చూసింది. "ఇది వేరే తరగతి నేలండీ. చెరువు ఇంత లోతూ తవ్వుతారు కదా, ఉప్పునీరు ఈ ఇసుకలోంచే పక్క చేలకూ బోర్లకూ పోతుంది. చెరువుకు పనికిరాదని రాస్తున్నాను."

"మీ ఇంటి బోరు ఎటుందయ్యా?" అని అడిగింది సుబ్బరత్నం.

శ్రీనివాసరావు ఇసుక పొర పోయే దిక్కు చూశాడు. దాని చివర తన ఇంటి పెంకులు కనిపించాయి. జిరాక్సు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మా టీలోనే పడేదన్నమాట ఉప్పు. మినుములే చల్లుకుంటాలే వదినా."

పాత నివేదికలో 'అదే' అన్న మాట కొట్టేసి, పక్కన 'ఇసుక' అని రాసి సైదావలి సంతకం పెట్టాడు. సర్వీసులో అదే చివరిది. చెయ్యి హాయిగా ఉంది.

అంతలో ఇఫ్రా ఫోను. "దాదా, బిర్యానీ దమ్ మీద ఉంది. నువ్వొచ్చేదాకా మూత తియ్యనంటోంది అమ్మ. నాకు ఆకలి!"

"వస్తున్నా బేటా, వచ్చేశా!" నవ్వుతూ గబగబా గుంట ఎక్కాడు.

సుబ్బరత్నం ఆయన సంచిలో నాలుగు పచ్చి పసుపుకొమ్ములు వేసింది. "ఏ పాప కోసం ఈ గుంట వదిలేసి పరిగెత్తారో ఆ పాపకివ్వండి సాయిబుగారూ. మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"ఇక పని మీద రానండి," అన్నాడు సైదావలి. చేతుల మట్టి లుంగీకి తుడుచుకోబోయి, ఈరోజు ప్యాంటు వేసుకున్నానని గుర్తొచ్చి, నవ్వుకుని అలాగే జీపెక్కాడు.

జీపు ఉయ్యూరు దారి పట్టింది. ఏసుపాదం గుంట పూడ్చడానికి పార తీసుకుని వచ్చి, వంగి, ఆగాడు. ఈసారీ గట్టు మీదే, బొటనవేలి ముద్ర ఇంకా తడిగా ఉన్న నల్లటి గాజొకటి, ఆడమనిషి మణికట్టు కొలతకు వంచింది, చిట్లకుండా ఆరుతోంది.