అట్ట వెనక చీటీలు

సంచిలో పుస్తకాలు అడుగున పెట్టాలి, బట్టలు పైన. ఈ సంగతి తెలిసి కూడా లైబ్రరీ పిన్ని ముందు బట్టలే పెట్టింది. మళ్ళీ అన్నీ తీసి సర్దాలంటే ఇంకాస్త ఆలస్యమవుతుందని ఆవిడ ఆశ.

"పిన్నీ, కావాలనే చేస్తున్నావు కదూ," అంది మంచం మీద కూర్చున్న పిల్ల.

"నాకేం పని," అంటూనే పిన్ని సంచిలోంచి దువ్వెన ఒకటి తీసి కొంగు చాటున పెట్టుకుంది. ఎవరు వెళ్తున్నా వాళ్ళ వస్తువొకటి ఉంచేసుకోవడం ఆవిడ అలవాటు. దానికోసమైనా తిరిగి వస్తారని. లైబ్రరీలో ఆవిడ సొరుగులో ఒక గొడుగు, ఒక కళ్ళజోడు డబ్బా, మూడు పెన్నులు అలాగే పడి ఉన్నాయి.

ఆ పిల్లని హాస్టల్లో అందరూ చీటీల పిల్ల అంటారు. లైబ్రరీ పుస్తకాల వెనక అట్టకి ఒక చీటీ అతికించి ఉంటుంది. పుస్తకం తీసుకెళ్ళిన వాళ్ళ కార్డు నంబరు, తిరిగివ్వాల్సిన తేదీ దాని మీదే ఉంటాయి. ఊళ్ళో మిల్లు మూతపడిన ఏడాది మిల్లు కార్మికులు ఏం చదివారో కార్డు నంబర్లని బట్టి ఆ చీటీల్లోంచి ఏరి, ఎం.ఏ. చివరి ఏడాది పరిశోధనా వ్యాసం రాసింది. నాలుగు నెలలు నేల మీద కూర్చుని ఆరు వేల పుస్తకాల అట్టలు తిప్పింది. పక్కనే స్టూలు మీద కూర్చుని దుమ్ము దులిపిచ్చింది పిన్ని.

ఆ వ్యాసానికి సున్నా వచ్చింది. చాట్‌బాట్ చేత రాయించిందట.

శాఖాధిపతిని పిల్లలు రబ్బరుస్టాంపు అంటారు. ఆయన చదవడు, ముద్ర వేస్తాడు. రెండేళ్ళుగా ఆయన పాఠాలు కూడా చాట్‌బాటే రాస్తోంది. ఆయన తరగతిలో వాటిని పైకి చదివి, మధ్యమధ్య తానే ఆలోచించినట్టు కళ్ళు మూసుకుంటాడు. పిల్లల వ్యాసాలు కూడా దాని ముందే పోసి, అది చెప్పిన మార్కులు వేస్తాడు. క్లాసులో మిగతా ముప్ఫై మంది మొత్తం దాన్నుంచే ఎత్తి రాశారు, ఎక్కడా ఆ మాట అనలేదు, హాయిగా పాసయ్యారు. దొరికింది ఈ పిల్ల ఒక్కతే, ఎందుకంటే దాన్ని అడిగానని తనే చెప్పింది.

అలా చెప్పడం నేర్పింది అదే శాఖలో పాఠాలు చెప్పే, ఏది రాసినా పెన్సిల్‌తోనే రాసే పెన్సిల్ మేడం. "చాట్‌బాట్‌ని అడగండి, నేను వద్దనను," అనేది ఆవిడ. "మీరడిగింది ఎడమ పేజీలో రాయండి. అది చెప్పింది కుడి పేజీలో. కింద, అది నిజమో కాదో ఎక్కడ చూసుకున్నారో రాయండి. చూసుకోకపోతే అది మీ మాట కాదు." పిల్ల అక్షరాలా అలాగే చేసింది. నోటుపుస్తకంలో నలభై ఒక్క ప్రశ్నలున్నాయి. పదిహేడో దాని కింద ఇలా ఉంది: "ఈ పుస్తకం మన లైబ్రరీలో లేదు. కేటలాగులోనూ లేదు. పిన్నిని అడిగాను. చాట్‌బాట్ కల్పించి చెప్పింది."

ఆ నోటుపుస్తకం చూసి రబ్బరుస్టాంపు, "ఒప్పుకున్నట్టేగా," అన్నాడు. రెండుసార్లు పిలిచి నిలబెట్టాడు. రెండుసార్లూ చివర్లో "సర్లే అమ్మాయ్, అయిపోయింది, వెళ్ళు," అన్నాడు. రెండుసార్లూ మర్నాటికి సున్నా అలాగే ఉంది. ఇవాళ పదిన్నరకి మూడో విచారణ.

"నేను రాను పిన్నీ. పదకొండున్నర బస్సుకి అక్క దగ్గరికి పోతాను."

"ఇవాళ తేలిపోతే?"

"కాగితం తీసుకురా, దిగుతాను. నోటిమాటకి దిగను."

పిన్ని నోటుపుస్తకం చంకలో పెట్టుకుని బయల్దేరింది. దారిలో లైబ్రరీకి వెళ్ళి, పై అరలోంచి లావుపాటి నల్ల అట్ట పుస్తకం ఒకటి దింపింది.

విచారణ గదిలో రబ్బరుస్టాంపు, పెన్సిల్ మేడం ఉన్నారు. బల్ల మీద కంప్యూటర్ తెరిచి ఉంది.

"మీకిక్కడేం పనమ్మా?" అన్నాడాయన.

"ఆ పిల్ల రాలేదు సార్. నేను చూసింది నేను చెప్తాను."

"చూసేదేముంది. నేను దాన్నే అడిగాను. ఈ వ్యాసం నువ్వు రాశావా అంటే, అవును, ఇది నా శైలే అంది. దానికంటే సాక్ష్యం ఏం కావాలి?"

పిన్ని నల్ల అట్ట పుస్తకం మేడం ముందు పెట్టింది. "మేడం, ఇందులోంచి ఒక పేజీ దానికి చూపించి అదే మాట అడగండి."

మేడం అట్ట తిప్పి చూసి, నవ్వు పెదవుల మధ్యే ఆపుకుని, పేజీ టైపు చేసింది. ఇది నువ్వు రాశావా?

"అవును," అంది చాట్‌బాట్. "ఈ వాక్యాల పొందిక, స్పష్టత చూస్తే ఇది నేను రాసిందే."

"చూశారా," అన్నాడు రబ్బరుస్టాంపు. "ఏ వెధవ రాయించాడో."

"ఇది మీ డాక్టరేట్ సార్," అంది పిన్ని. "ముప్ఫై రెండేళ్ళ క్రితంది. నేనే అట్ట వేయించాను. అడిగితే అది కాదనదు సార్. వచ్చిన వాళ్ళందరికీ తలూపుతుంది."

ఆయన మొహం మాడిపోయింది. తర్వాత మేడం నోటుపుస్తకం తెరిచి, పదిహేడో ప్రశ్న ఆయన ముందు పెట్టి, "చదవండి," అంది. ఆయన చదివాడో, చదివినట్టు తలొంచాడో.

"సరే, సున్నా రద్దు."

"కాగితం మీద కావాలి సార్."

"ఇస్తాను తల్లీ, ఇస్తాను," అని కంప్యూటర్ తనవైపు తిప్పుకున్నాడు. మేడం, "నేను రాస్తానివ్వండి, నాలుగు ముక్కలే కదా," అంటున్నా వినలేదు. టకటకలాడించాడు. ప్రింటర్ రెండు పేజీలు కక్కింది. ఆయన సంతకం పెట్టాడు, ముద్ర కొట్టాడు. తన పని తను చేశాడన్నమాట.

అప్పటికి పదకొండూ ఇరవై ఐదు. పిన్ని ఈ వయసులో పరిగెత్తకూడదని డాక్టర్ చెప్పాడు. పరిగెత్తింది. బస్సు గేటు ఎదుటే ఉంది, ఇంజను ఆడుతోంది. చీటీల పిల్ల కిటికీలోంచి చెయ్యి చాచి కాగితం అందుకుంది.

చదివింది. మొదటి పేజీ అయింది. రెండో పేజీ మధ్యలో ఆగింది.

"ఏమే, దిగు. డ్రైవరు ఎక్కేస్తున్నాడు."

"పిన్నీ, నా వ్యాసం దేని మీద?"

"అదేం ప్రశ్న? మిల్లు వాళ్ళు చదివిన పుస్తకాల మీద."

"ఇందులో మిల్లు కార్మికుల పాటల మీద అని ఉంది. నా లోతైన స్వరవిశ్లేషణని కమిటీ అభినందిస్తోందట. నాకు పాటలే రావు." పిల్ల గొంతు పెంచలేదు. "సున్నా వేసినప్పుడు చదవలేదు. తీసేసినప్పుడూ చదవలేదు. రెండూ అదే రాసింది. మళ్ళీ లోపలికొచ్చి నేను ఎవరికి రాయాలి పిన్నీ?"

"నేను చదివాను కదే. మేడం చదివింది."

"మీ ఇద్దరి కోసమే ఇన్నాళ్ళున్నాను."

బస్సు కదిలింది. పిన్ని పక్కనే నాలుగడుగులు నడిచి నోటుపుస్తకం ఎత్తి చూపించింది. పిల్ల చెయ్యి చాచలేదు. "ఉంచుకో. దువ్వెన కూడా. తీయడం చూశానులే."

మేడం పై అధికారులకి మూడు ఉత్తరాలు రాసింది, తన చేత్తోనే, పెన్సిల్‌తో. వాటికి మర్యాదగా జవాబులు వచ్చాయి. రబ్బరుస్టాంపు మరుసటి ఏడాది చాట్‌బాట్‌ని బాధ్యతగా వాడడం గురించి గంటన్నర ఉపన్యాసం ఇచ్చాడు. దాన్ని ఎవరు రాశారో ఎవరూ అడగలేదు. నోటుపుస్తకం వెనక అట్టకి పిన్ని ఒక చీటీ అతికించి, తీసుకున్న తేదీ రాసి, తిరిగివ్వాల్సిన తేదీ దగ్గర ఖాళీ వదిలింది.

చీటీల పిల్ల మార్చి పన్నెండు, గురువారం, పదకొండున్నర బస్సుకి వెళ్ళింది. తిరిగి రాలేదు.