కరెంటు పెట్టని గిటారు

మా తమ్ముడి గిటారుని చూసి ఏడ్చినవాళ్లున్నారు, ముద్దు పెట్టుకున్నవాళ్లున్నారు. వాడు పోయాక ఒక పెద్దమనిషి మా గుమ్మంలో నిలబడి, "ఒక్కసారి ముట్టుకుని వెళ్లిపోతానమ్మా" అని బతిమాలాడు. దాని అంచున ఎర్ర రంగు లేచిపోయి చెక్క కనపడే మచ్చ ఒకటుంది. వేదిక మీద ఆవేశంలో నేలకేసి కొట్టినప్పుడు పడిందని అభిమానులు కథలు కథలుగా చెప్పుకుంటారు. నిజానికి అది మా స్నానాల గది గడియ గీరుకుని పడింది. తలుపు తోసింది నేనే. చెబితే ఎవరికీ రుచించలేదు, చెప్పడం మానేశాను.

ఆ గిటారు మ్యూజియానికి వెళ్లిపోతోంది. ఇస్తానని తమ్ముడు బతికుండగానే మాటిచ్చాడు. ఇక అద్దాల పెట్టెలో ఉంటుంది, జనం చూస్తారు, ఎవరూ వాయించరు. మ్యూజియంవాళ్లని మా అమ్మ కోరింది ఒక్కటే. పెట్టెలోకి పోయేలోగా దాన్ని ఒకసారి వినాలి, అదీ కరెంటు పెట్టకుండా.

మా నాన్నది రాత్రి డ్యూటీ. పగలంతా పడుకునేవాడు, ఇంట్లో చెంచా కింద పడినా ఊరుకునేవాడు కాదు. అందుకని తమ్ముడు వంటింట్లో అమ్మ కాళ్ల దగ్గర చతికిలబడి, వైరు తగిలించకుండానే వాయించుకునేవాడు. అలా వాయిస్తే ఆ కరెంటు గిటారు గొంతు పక్క గదిలోకి కూడా పోదు. అమ్మ కూర తరుగుతూ వినేది. పేరొచ్చి, వేలమంది ఈలలు వేసే రోజులొచ్చాక కూడా ఇంటికొస్తే వాడికి అదే చోటు, అదే వాయింపు. వాడి రికార్డులు ఇప్పుడు ఎక్కడ చూసినా మోగుతున్నాయి. వాటి నిండా డ్రమ్ములు, కేకలు. "అందులో ఉన్నవాడు మీ అందరివాడే. నావాడు అందులో లేడు" అంటుంది అమ్మ. వంటింటి వాయింపుని ఎవరూ రికార్డు చెయ్యలేదు. మనిషి ఎదురుగా ఉండగా ఆ ఆలోచన ఎవరికొస్తుంది?

వైరు దూర్చే సాకెట్టు వదులైందని మ్యూజియంవాళ్లు గిటారుని రిపేరుకిచ్చారు. ఇచ్చింది నిచ్చెనకే. నిచ్చెన తమ్ముడికి బళ్లో పక్క బెంచీ స్నేహితుడు. పొడుగు చూసి తమ్ముడే ఆ పేరు పెట్టాడు, అదే స్థిరపడిపోయింది. తమ్ముడి గిటార్లకి ఏ జబ్బు చేసినా వైద్యం వీడిదే. వంటింటి పాటలన్నీ వీడికీ వచ్చు. అందుకే అమ్మ కోసం వాయించే పని కూడా వీడి మీదే పడింది.

గిటారు వెళ్లిపోయే రోజు పొద్దున అమ్మ తల దువ్వుకుని, చెవి మిషనుకి కొత్త బ్యాటరీ వేయించుకుని బయల్దేరింది. నిచ్చెన షాపంతా జిగురు వాసన, రంపపు పొట్టు. వాడు రెండు కుర్చీలు తుడిచి మమ్మల్ని కూర్చోబెట్టి, గిటారుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు తెచ్చాడు. తుడిచి తుడిచి మెరిపించాడు. అమ్మ కళ్లు మూసుకుంది.

వాడు మొదలుపెట్టాడు. పాట అదే. వేళ్లు కూడా తడబడలేదు. కానీ గలగలమంటూ కొత్త గిన్నెల మోత లాంటి శబ్దం వచ్చింది. అమ్మ కళ్లు తెరిచింది.

"ఇది ఎవరి గిటారురా?"

"మనవాడిదేనమ్మా."

"కాదు నాయనా. వాడిది ఇలా మోగదు. మెత్తగా, గొంతు పట్టేసినట్టు ఉంటుంది."

"అమ్మా, ఇదిగో మచ్చ, చూడు. అదే ఇది" అన్నాను నేను.

అమ్మ మచ్చ వంక చూడనేలేదు, నిచ్చెన మొహం వంకే చూసింది. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తీగలు మార్చానమ్మా" అన్నాడు. "మా షాపులోంచి ఏ గిటారూ పాత తీగలతో బయటికి పోదు. పని నేర్చుకున్నప్పటి నుంచీ అదే అలవాటు. వాడితో మాత్రం ఎప్పుడూ ఇదే గొడవ. నల్లగా తుప్పు పట్టాయిరా, మార్చనివ్వరా అంటే, తెగేదాకా ఉండనీరా అనేవాడు. ఒక్కసారి కూడా తీగల మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఇప్పుడు వద్దనేవాడు లేడుగా... శుభ్రంగా పంపిద్దామని..."

పోయినవాళ్లకి స్నానం చేయించి కొత్త బట్టలు తొడిగినట్టు చేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవరు చెయ్యమన్నారు నిన్ను? సాకెట్టు బాగుచెయ్యమంటే సాకెట్టు బాగుచేసి ఊరుకోలేవూ?" అని అరిచాను. వాడు బల్ల కింద చెత్తబుట్ట బోర్లించాడు. పొట్టులోంచి తీగల్ని ఏరి తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. కటింగ్ ప్లేయర్‌తో ఒక్కోటీ సగానికి తెంపేసినవి. తమ్ముడి చెమటకి నల్లబడి చుట్టలు చుట్టుకుని ఉన్నాయి.

"అతకవా?" అంది అమ్మ.

"అతకవమ్మా."

"ఇంకోటేదైనా పాత తీగ వేస్తే?"

"ఎవరి పాత తీగ వేసినా అది వాళ్లదే అవుతుందమ్మా, వాడిది కాదు." అంతే, అంత పొడుగు మనిషీ నేల మీద కూలబడి భోరుమన్నాడు. నాకు జాలి కలగలేదు. తర్వాత కలిగింది, అప్పుడు మాత్రం లేదు.

"పోయిన వారమే రమ్మని ఫోన్ చేశాను కదక్కా" అన్నాడు వెక్కుతూ. "నిన్నటిదాకా పాతవే ఉన్నాయి. అమ్మ ఇవాళ రేపు అంటుంటే..."

నిజమే. ఒకరోజు మోకాళ్ల నొప్పులంది, ఒకరోజు వాన పడేలా ఉందంది. వానా లేదు, మబ్బూ లేదు. పెద్దావిడ చాదస్తమని నేను విసుక్కుని ఊరుకున్నాను.

"ఎందుకమ్మా అలా చేశావు?" అన్నాను.

అమ్మ నిచ్చెన తల నిమిరింది. "వినేస్తే అయిపోతుంది కదే. ఇంకా వాణ్ణి వినాల్సింది ఒకటి మిగిలుందిలే అనుకుంటుంటే పొద్దున్నే లేవబుద్ధయ్యేది. అందుకని దాచుకున్నాను."

మ్యూజియం వ్యాను వచ్చింది. తెల్ల గ్లౌజులు వేసుకున్న ఇద్దరు గిటారుని స్పాంజి పరుపులో పడుకోబెట్టి, ఎంత బాగుచేశారండీ అని నిచ్చెనని మెచ్చుకున్నారు. వాడు తల ఎత్తలేదు. వ్యాను మలుపు తిరిగేదాకా అమ్మ షాపు మెట్టు మీదే నిలబడింది. ఎండ పెరుగుతోంది. చెయ్యి పట్టుకున్నాను.

"ఇంటికెళదాం పదమ్మా."

"వెళ్లి?" అంది అమ్మ.