మేమిక్కడ క్షేమం

వికారాబాదులో రైలు దిగేసరికి విఠల్‌రెడ్డి చెప్పవలసిన మాటలన్నీ సిద్ధం చేసుకున్నాడు. హైదరాబాదు నుంచి దారి పొడవునా ఆ పనే చేశాడు. ఇంగ్లీషులో అవి చక్కగా కుదిరాయి. తెలుగులోకి తెచ్చుకోబోతే ఒక్కో మాటా ఎవరిదో చొక్కా తొడుక్కున్నట్టు వదులుగా వేలాడింది.

కూతురిని తనతో విదేశానికి తీసుకుపోవాలని వచ్చాడు.

అది 1961 ఫిబ్రవరి. అతనికి నలభై దాటాయి. యుద్ధకాలంలో సైన్యంలో చేరి బర్మా అడవుల్లో కెప్టెనయ్యాడు. విదేశాంగ శాఖ సైన్యం నుంచి కొందరు యువకులను ఏరుకున్నప్పుడు అందులో అతనూ ఉన్నాడు. జకార్తా, కైరో, ఇప్పుడు వియన్నా. మధ్యలో, 1949లో, భార్య క్షయతో అనంతగిరి ఆసుపత్రిలో పోయింది. మూడేళ్ళ మనోరమను తాండూరులో ఉన్న అక్క గోవిందమ్మ పెంచింది. ఇప్పుడా పిల్లకు పదిహేనేళ్ళు. వికారాబాదులో మిషన్ వాళ్ళ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇన్నేళ్ళలో అతను ఆమెను చూసింది సెలవుల్లోనే.

మళ్ళీ సెలవు మూడేళ్ళ దాకా రాదు. అప్పటికి అక్క ఆమెకు పెళ్ళి చేసేస్తుంది. ఇప్పుడు తీసుకుపోకపోతే ఇక ఎప్పటికీ తీసుకుపోలేడు. పిల్ల లోకం చూస్తుంది, మంచి చదువు చదువుతుంది అని అందరికీ చెబుతున్నాడు. తనకు తాను మాత్రం అలా చెప్పుకోలేకపోయాడు. వియన్నాలో, ఒక గదిలో రేడియో పాడుతుండగా వదిలి ఇంకో గదిలోకి వెళ్ళడం అతనికి అలవాటయింది. గోడ అవతల ఎవరో ఉన్నట్టు ఉంటుంది. మొదట ఏమరుపాటు అనుకున్నాడు. ఒకనాడు వార్తలు అయిపోయి రేడియో ఊరుకుంది. చేతిలో గిన్నెతో వంటింట్లో నిలబడి, ఆ మాట్లాడే మనిషి ఎందుకు ఆగిపోయాడా అని తను ఎదురుచూస్తున్నట్టు గమనించుకున్నాడు. సెలవుకు రాసింది ఆ రోజే.

హాస్టలు చూసే సత్యమ్మ టీచరు అతన్ని తలెత్తి చూసింది.

"మీరు పొడుగని మా మనోరమ చెప్పింది. గిట్ల దూలానికి తగులుతరని చెప్పలే," అని నవ్వింది. మళ్ళీ తనే నవ్వు తగ్గించుకుంది. "మీరు తీస్కపోతరట గద. పదోది అయినంక టీచర్ ట్రైనింగుకు పంపుదామనుకున్న. చిన్న పిల్లలకు ఈమె లెక్కలు చెప్తె నేను చెప్పేదానికన్న మంచిగ ఇంటరు."

మనోరమ బట్టల సంచీ పట్టుకుని గడప దగ్గర నిలబడింది.

"నమస్తే నాయినా."

"ఏందే, ఇన్‌స్పెక్టర్ వచ్చిండా? దగ్గరికి పో," అంది సత్యమ్మ.

ఆమె రెండడుగులు వేసింది. అతనూ వేసి ఉంటే సరిపోయేది. చేయి చాచి సంచీ అందుకున్నాడు.

తాండూరు బండిలో ఎదురెదురుగా కూర్చున్నారు. చర్చలు ఎప్పుడూ అవతలి మనిషికి ఇష్టమైన సంగతితో మొదలుపెట్టాలని అతను నేర్చుకున్నాడు. కూతురికి ఏది ఇష్టమో తెలియదు కాబట్టి అన్నీ చెప్పాడు.

"మేము ఉండేది మూడో అంతస్తు. కిటికీలోంచి ట్రాము కనిపిస్తుంది. ఆదివారం పూట మేము పార్కుకి వెళ్తాం. మంచు పడితే ఊరంతా చప్పుడు లేకుండా అయిపోతుంది. ఆ రోజు మేము ఇల్లు కదలం. నీకొక గది ఉంది, తూర్పు వైపు."

ఆమె మొదట కుతూహలంగానే విన్నది. ఎక్కడో ఒకచోట ఆమె ముఖంలో తలుపు వేసుకున్నట్టయింది. ఏ మాట దగ్గర అలా జరిగిందో అతను వెనక్కి వెళ్ళి వెతికాడు. సమావేశాల తర్వాత అలా వెతకడం అతని ఉద్యోగం. మంచు దగ్గర అయి ఉంటుందనిపించింది.

"చలి అంతగా తెలియదు. ఇంట్లో వేడి గొట్టాలు ఉంటాయి," అన్నాడు.

"ఆఁ," అంది కిటికీ లోంచి చూస్తూ. బయట కంది చేలు కోసేసి మోళ్ళు మిగిలి ఉన్నాయి.

ఇంటికి చేరేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. బావ కళ్ళం దగ్గర కంది కొట్టిస్తున్నాడు. గోవిందమ్మ జొన్నరొట్టె, పప్పు పెట్టి ఎదురుగా బండల మీద కూర్చుంది.

"ఏం తమ్మీ, గింత బక్కగైనవ్. ఆడ తిండి పెడ్తలేరా?"

"అదేమీ లేదక్కా. భోజనానికి ఏ లోటూ లేదు."

"అగో! రేడియోల వార్తలు చెప్పినట్లే చెప్తడు. లోటూ లేదట!"

మనోరమ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. అతను కూడా నవ్వాడు. ఆ నవ్వులో కలవడం ఎంత తేలికో అని ఆశ్చర్యపోయాడు కూడా. తర్వాత అక్కా మనోరమా వంటింట్లోకి వెళ్ళారు. గుసగుసలు వినిపించాయి. మళ్ళీ గోవిందమ్మ ఒక్కతే వచ్చి కొంగుతో చేతులు తుడుచుకుంటూ కూర్చుంది. ఆమె ముఖం మారిపోయింది.

"ఆమె పేరేంది?"

"ఎవరి పేరు?"

"గదే, ఆడ నీతోటున్న ఆమె పేరు."

అతనికి నిజంగానే అర్థం కాలేదు. "నాతో ఎవరూ లేరక్కా."

"ఎవరు లేకుంటె బండిల పిల్లకు ఏం చెప్పినవ్? మేము ఉంటం, మేము పోతం, మేము కదలం. మేము అంటే ఎవరు? నువ్వూ, ఆ పిల్లనా? గట్లయితె మనం అనాలె గద! పిల్లను పక్కకు వెట్టి మేము అంటివి. అంటే ఆడ ఇంకెవరో ఉన్నట్లే గద? నాకు ముందుగాలనే అనుమానం. ఎన్నేండ్ల సంది రాస్తున్నవ్, మేమిక్కడ క్షేమం, మేమిక్కడ క్షేమం అని. ఒక్కనివే ఉంటె నేను క్షేమం అని రాయవా?"

రొట్టె ముక్క అతని చేతిలోనే ఉండిపోయింది. ఆ మాట తను అన్నట్టు అతనికి తెలియను కూడా తెలియదు.

అప్పుడు ఒక దృశ్యం గుర్తుకు వచ్చింది. 1948లో పోలీసు చర్య అయిన వారంలోనే అతను యూనిఫారంలో, జీపులో తాండూరు వచ్చాడు. బజారులో జనం గుమిగూడితే పైఅధికారి అతన్నే మాట్లాడమన్నాడు. మీరిక భయపడవద్దు, మేము వచ్చాం అన్నాడు. జనంలో ముందు వరసలో అక్క నిలబడి ఉంది. మీరు అన్నదాంట్లో ఆమె ఉంది. మేము అన్నదాంట్లో తను ఉన్నాడు. ఆ క్షణంలో అది తట్టింది గాని చప్పట్లలో మరిచిపోయాడు. అప్పటి నుంచి ఆ మాటలోనే కాపురం ఉన్నాడు. మా ప్రభుత్వం భావిస్తోంది. మేము విచారిస్తున్నాం. మాకు అభ్యంతరం లేదు. విచారించేది ఎవరో, అభ్యంతరం లేనిది ఎవరికో ఎవరూ అడగలేదు.

"అక్కా, అది ఫౌజులో పడ్డ అలవాటు. అక్కడ అందరం హమ్ అంటాం. ఉర్దూలో గాని ఇంగ్లీషులో గాని మేముకీ మనంకీ ఒకటే మాట. నేను మేము అన్నది సర్కారు తరఫున."

"సర్కారుతోటి ఆదివారం పార్కుకు పోతవా?" అంది గోవిందమ్మ.

వంటింటి గుమ్మంలో మనోరమ ఫక్కున నవ్వి వెంటనే ఆపుకుంది.

"నమ్మక్కా. అటువంటిదేమీ లేదు."

ఆ వాక్యం అతని చెవికే పత్రికలకు ఇచ్చే ఖండనలా వినిపించింది. అలాంటివి ఎన్నో రాశాడు. ఒక్కటీ పూర్తిగా నిజం కాదు. ఇప్పుడు పూర్తిగా నిజమైనది ఒకటి చెప్పవలసి వస్తే దానికి వేరే గొంతు లేదు.

"కట్టుకున్నవో లేదో నాకెందుకు. పిల్లను తీస్కపోయేటప్పుడన్న చెప్పద్దా?" అని గోవిందమ్మ కళ్ళు ఒత్తుకుంటూ లోపలికి పోయింది.

అతను పెరట్లోకి వచ్చాడు. కొత్తగా దించిన నాపరాళ్ళు గోడకు ఆనించి ఉన్నాయి. ఎండకు వేడెక్కిన రాయి మీద కూర్చున్నాడు. కొంతసేపటికి మనోరమ వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాయినా, అత్త మీద కోపం చెయ్యకు."

"లేదు."

"నాకు మాత్రం నిజం చెప్పు. ఉన్నదా ఆడ ఎవరన్న?"

"లేకపోతే?"

"లేకుంటె నేనొస్త." ఆమె ఆ మాట చాలా త్వరగా అంది, ముందే నిర్ణయించుకున్నట్టు. "ఒక్కనివే ఎట్లుంటవ్? బట్టలు గూడ సదురుకున్న. సత్యమ్మ టీచర్‌కు చెప్పిన."

"ఉంటే?"

ఆమె కాలి బొటనవేలితో మట్టి మీద గీత గీసింది.

"ఉంటే నాకు ఫికర్ లేదు గద."

తల ఎత్తలేదు. కాని ఊపిరి బిగబట్టింది. మెడ దగ్గర సన్నగా నరం కనిపించింది. ఎదుటి మనిషి ఏ జవాబు కోసం లోలోపల వేడుకుంటున్నాడో, అతనికి తెలియకముందే కనిపెట్టడం విఠల్‌రెడ్డికి చేతనైన ఒకే ఒక పని. ఏళ్ళ తరబడి ఆ పనికే పరాయి ఊళ్ళలో ఇల్లిచ్చి, కారిచ్చి కూర్చోబెట్టారు. ఎన్నో బల్లల అవతల ఎన్నో ముఖాలు చదివాడు. ఇంత స్పష్టంగా ఏదీ కనిపించలేదు. ఆ పిల్ల పిలిస్తే వస్తుంది. వచ్చి మూడో అంతస్తులో తూర్పు గదిలో ఉంటుంది. అన్నం వండుతుంది. కిటికీ దగ్గర నిలబడి ట్రామును చూస్తుంది. తాను గోడ అవతల ఆమె కదలికలు వింటూ కూర్చుంటాడు. ఆమె దేని కోసం వినాలి?

లేదు అని ఒక్క మాట అంటే చాలు. నిజం కూడా.

"ఉంది," అన్నాడు.

ఆమె ఊపిరి వదిలింది. అది అతనికి వినిపించింది. మరుక్షణం ముఖమంతా వెలుగు వచ్చి, ఆ వెలుగుకు తనే సిగ్గుపడి, వచ్చి అతని పక్కన రాయి మీద కూర్చుంది. ఇంత దగ్గరగా ఆమె ఎప్పుడూ కూర్చోలేదు.

"మరి అత్తకు లేదంటివేంది! దొరసానినా?"

"ఆఁ."

"పేరేంది?"

"మార్తా." ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో అతనికి తెలియదు. "బడిలో పాఠాలు చెబుతుంది."

"ఏం పాఠాలు?"

"లెక్కలు."

"లెక్కలా!" మనోరమ చప్పట్లు కొట్టింది. "మంచిదేనా మనిషి? నిన్ను కొడ్తదా?"

"అప్పుడప్పుడు."

"జొన్నరొట్టె చేసుడు నేర్పినవా?"

"నేర్పాను. గుండ్రంగా రాదు."

ఆమె నవ్వుతూ వెనక్కి వాలింది. అతను చెబుతూ పోయాడు. మార్తా చేతిరాత వంకరగా ఉంటుంది. మంచు కురిసే రోజుల్లో చెవులు కప్పుకోకపోతే కోప్పడుతుంది. ఒక్కొక్కటీ తడుముకోకుండా వచ్చింది. ఎంత బాగా అబద్ధం ఆడుతున్నాడో అని ముందు భయం వేసింది. తర్వాత తెలిసింది, ఇవన్నీ చాలా కాలంగా లోపల ఉన్నవే. అడిగేవాళ్ళు లేక ఊరుకున్నాయి.

"నీ ట్రైనింగు అయ్యాక చెప్పు, సత్యమ్మ టీచరు కన్నా నువ్వు బాగా చెబుతావో లేదో," అన్నాడు.

"గప్పుడు నేను రాసే ఉత్తరంల ఆమెకు గూడ నమస్తే రాస్త," అంది మనోరమ.

సాయంత్రం గోవిందమ్మకు చెప్పారు. ఆమె తమ్ముణ్ణి తిట్టింది, ఏడ్చింది, మళ్ళీ తిట్టింది.

"ఎడ్డోడా, నేనడిగితె లేదంటవ్, పిల్ల అడిగితె ఉందంటవ్. ఏ కులమో ఏ మతమో. ఇంట్ల దీపం పెట్టే ఆడది ఉన్నదంటె నా గుండె మీద బరువు దిగింది, పో." తర్వాత కాసేపు ఆలోచించింది. "వట్టి చేతులతోటి పంపుతనా మల్ల? గాజులన్న పంపాలె. పొద్దుగాల బండి వచ్చేలోపట బజారుకు పోయి తేండ్రి."

పొద్దున బజారులో గాజుల దుకాణం అప్పుడే తెరిచారు. గాజులమ్మే హన్మమ్మ ఎర్రవి, పచ్చవి సరాలు సరాలుగా తీసి ముందు పెట్టింది.

"ఎవరికి బిడ్డా, నీకా?"

"మా చిన్నమ్మకు," అంది మనోరమ గర్వంగా. "శీమల ఉంటది."

"శీమల ఉన్న చేతికి తాండూరుల కొలత ఎట్ల దియ్యాలె? చెయ్యి లేకుండ గాజులు అడిగినోళ్ళను మిమ్ములనే చూసిన."

మనోరమ తన కుడి చేయి చాచింది. "నా చెయ్యంత ఉంటదా నాయినా? పట్టి చూడు."

అతను బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఆమె మణికట్టు చుట్టూ వేశాడు. సన్నని ఎముక. దాని పక్కన నాడి నిదానంగా, ఏ భయమూ లేకుండా కొట్టుకుంటోంది.

"గింతనేనా, జర లావా?" అంది హన్మమ్మ, సరం పట్టుకుని.

మనోరమ అతని ముఖంలోకి చూస్తోంది.

"ఉండండి," అన్నాడు వేళ్ళు తీయకుండా. "చూస్తున్నాను."