ఏడు సరేలు, ఒక ఆగండి

నన్ను నలభై రోజులు ఆపింది నంద్యాల కరీముల్లా మొండితనమేనని నన్ను వాడేవారందరూ నమ్ముతారు. నేను ఒక చిన్న సాఫ్ట్‌వేర్ లైబ్రరీని. ఏ ఊళ్లో సూర్యుడు ఎప్పుడు ఉదయిస్తాడో, ఎప్పుడు అస్తమిస్తాడో లెక్కగట్టి, అడిగిన ప్రోగ్రాముకల్లా చెప్పడం నా పని. ముహూర్తాలు పెట్టేవారూ, వాటిని నమ్మని సైన్సు సంఘాలవారూ నన్నే అడుగుతారు. ఇద్దరికీ ఒకే జవాబు చెబుతాను.

నన్ను రాసింది తెనాలిలో భౌతికశాస్త్రం బోధించి రిటైరైన స్వరాజ్యలక్ష్మి గారు. నా మీద ఆధారపడిన ఎనిమిది ప్రోగ్రాములను ఎనిమిదిమంది తీరిక వేళల్లో, జీతం బత్తెం లేకుండా చూసుకుంటారు. పుట్టినప్పటినుంచి నేను భారతీయ కాలమానంలోనే చెప్పేదాన్ని. ఇతర దేశాలవారికీ పనికిరావాలని, ఇకపై గ్రీనిచ్ కాలమానంలో చెప్పేలా ఆమె నన్ను మార్చారు. రెంటికీ ఐదున్నర గంటల తేడా. కనుక ఆ ప్రోగ్రాములన్నీ నాతోపాటు ఒకేసారి మారాలి. మా ఆచారం ప్రకారం ఆమె ఎనిమిదిమందికీ ముందే రాశారు: కొత్త లైబ్రరీతో మీ ప్రోగ్రాము నడిపి చూసి, సరే అనండి.

సాయంత్రానికల్లా ఏడు సరేలు వచ్చాయి. మొదటివాడు చూసే ఉంటాడని రెండోవాడు, ఇద్దరూ చూసి ఉంటారని మూడోవాడు. మనుషులు నమ్మకాలను ఇలాగే పోగుచేసుకుంటారు. ఎనిమిదో మనిషి కరీముల్లా మాత్రం "ఆగండి" అని ఒక్క మాట రాశాడు. అతని ప్రోగ్రాము ముప్పై ఊళ్ల వీధిదీపాలను నడుపుతుంది; ఆస్పత్రి డ్యూటీ దిగి అతని చెల్లెలు నడిచివచ్చే వీధి కూడా అందులో ఉంది.

వారం తర్వాత స్వరాజ్యలక్ష్మి గారు ఫోన్ చేశారు.

"ఏమయ్యా, ఏడుగురు సరేనన్నాక నీ ఒక్కడికే వచ్చిందా సందేహం?"

"వాళ్లు అన్నారు గానీ మేడం, నడిపి చూసినారా? పొయ్యి వెలిగించకముందే కూర బాగుందన్నట్టుండాది. నేను అన్నీ నడిపినా. నాది మిట్టమధ్యాహ్నం దీపాలు పెట్టి, అర్ధరాత్రి ఆర్పేస్తాది. మిగతా ఏడూ గూడా తప్పే చెప్తాండాయి."

"ఏడూనా! అయితే అందరికీ కలిపి రాసేయనా?"

"వద్దు మేడం, పదిమందిలో పరువెందుకు తీసేది? ఎవురిది వాళ్లకే చెప్తా. దగ్గరుండి దిద్దిస్తా."

"తొందరపడింది నేనే. నువ్వు చెప్పేదాకా కదలనులే."

అతడు అలాగే చేశాడు. ప్రతివాడూ తనదొక్కటే తప్పనుకుని, సిగ్గుపడి, నోరు విప్పలేదు. నలభై ఒకటో రోజున ఎనిమిది ప్రోగ్రాములతో కలిసి నేను కొత్త రూపంలో విడుదలయ్యాను. ఆ సాయంత్రం ముప్పై ఊళ్లలోనూ దీపాలు వేళకే వెలిగాయి. ప్రమాదమేదీ జరగలేదు కనుక ఆపవలసిన అవసరమే లేదని లోకం తేల్చేసింది. ఆ మాట విని కరీముల్లా నవ్వి తన పనిలో పడ్డాడు. నాకూ ఫిర్యాదు లేదు. నా లెక్క సరిగా ఉంది, నన్ను అడిగేవారూ ఉన్నారు.

అయితే ఆ ప్రోగ్రాముల్లో ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. ఆ నలభై రోజుల్లో కరీముల్లా తన ప్రోగ్రాము మీద వెచ్చించినవి రెండు రోజులు; మిగిలిన ముప్పై ఎనిమిదీ ఇతరుల వాటి మీద.