పద్ధతిగా కట్టిన బండి

"మళ్ళీ కోసేశావా?" అన్నాడు భర్త, మిక్సీ పక్కన పడివున్న ప్లాస్టిక్ ముక్కను చచ్చిన బల్లిని ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని.

"కొయ్యక ఏం చెయ్యమంటారు? మీరు చుట్టి బిగించిన వైరు ప్లగ్గుదాకా అందితేగా! మిక్సీని చంకలో పెట్టుకుని తిప్పుకోనా?"

"వేలాడుతుంటే చూడ్డానికేం బావుంటుంది? దేనికైనా ఒక పద్ధతుండాలి."

"నా మిక్సీకి మీ పద్ధతి అక్కర్లేదు."

ముందుగదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఆ వైరు సంగతి తేలేదాకా నా కాఫీ సంగతి తేలదన్నమాట!"

ఏదైనా వేలాడుతూ కనిపిస్తే ఆయనకు ఒంటిమీద చీమలు పాకినట్టుంటుంది. పళ్ళున్న నల్లటి ప్లాస్టిక్ ట్యాగులు సంచెడు కొనుక్కొచ్చాడు. అవి ఒకసారి లాగి బిగిస్తే కత్తెరకు తప్ప దేనికీ లొంగవు. టీవీ వైర్లు, స్నానాలగది గొట్టం, కాఫీపొడి డబ్బా మూత, అన్నీ వాటి పాలబడ్డాయి. తల్లి కళ్ళజోడు తాడు మీద కూడా కన్నేశాడు కానీ, ఆవిడ చేతికర్ర అందుకోవడంతో ఆ ప్రయత్నం మానుకున్నాడు.

ఆ రోజు గొడవ వంటింట్లోనే చల్లారేది. కానీ ఆయన వెళ్ళి గోడకూ మెట్లకూ మధ్య ఇరుకు సందులో బండి స్టార్ట్ చేశాడు. యాక్సిలరేటర్ మీద చెయ్యైనా వేయలేదు. బండి గొంతు చించుకుని అరిచింది.

"విన్నావా! నువ్వు నేర్చుకున్న దగ్గర్నుంచే దీనికి ఈ రోగం. అంట్లు తోమినట్టు యాక్సిలరేటర్ తిప్పితే ఇంకేమవుతుంది?"

ఈ మాట వినీ వినీ ఆమెకు విసుగొచ్చేసింది. వంతెన అవతల ట్యుటోరియల్‌లో పొద్దుటిపూట లెక్కలు చెప్పడానికి ఆమెను రమ్మన్నారు. అటు బస్సు లేదు. అందుకే మోచేతులు గీరుకుపోయినా పట్టుబట్టి బండి నేర్చుకుంది. వస్తుందో రాదో ఇవాళ సాయంత్రంలోగా చెప్పాలి. బండి బాగయ్యేదాకా ముట్టుకోవడానికి వీల్లేదని భర్త తేల్చేశాడు.

బాగవడానికి ముందు అది మెకానిక్ దగ్గర అరవాలి కదా! వాడి షెడ్డు ముందు స్టాండు వేయగానే దానికి ఎక్కడలేని బుద్ధీ వచ్చేసేది. "అన్నా, దీనికేం జబ్బు? హాయిగా నిద్రపోతోంది" అనేవాడు వాడు. అయినా కార్బురేటర్ విప్పి కడిగాడు, స్పార్క్ ప్లగ్గు మార్చాడు. బండి నిలబడి ఉన్నప్పటి ఇంజన్ వేగాన్ని స్క్రూ తిప్పి తగ్గిస్తే ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగిపోయింది. పెంచితే ఇంట్లో ఇంకా గట్టిగా అరిచింది. ఒక్కోసారి మలుపులో అరిచేది, మలుపు దాటగానే నోరు మూసుకునేది. ఎవరి మీదో పంతం పట్టినట్టు.

"ఆపరా బాబూ! నా చెవులు!" అంది అత్తగారు గుమ్మంలోకి వచ్చి.

"ఆపితే మళ్ళీ అరవదమ్మా. అరుస్తుండగానే తీసుకెళ్ళి వాడికి వినిపిస్తాను" అంటూ ఆయన బండి బయటకు తోయబోయాడు. మెట్లు అడ్డమని ఎప్పుడూ ఎడమకు తిప్పి పెట్టే హ్యాండిల్‌ను తిన్నగా చేశాడు. అరుపు ఠక్కున తగ్గింది.

"చూశావా, బయల్దేరేసరికి నాటకం!"

ఆమె అత్తగారికి తెచ్చిన కాఫీ గ్లాసు మెట్టు మీద పెట్టేసి వచ్చింది. "ఆగండి. మళ్ళీ ఎడమకి తిప్పండి."

"ఎందుకూ?"

"తిప్పండి, చెప్తాను."

తిప్పాడు. బండి అరిచింది. తిన్నగా పెట్టించింది, తగ్గింది. మళ్ళీ తిప్పించింది, మళ్ళీ అరిచింది. మెకానిక్ షెడ్డు ముందు బోలెడంత చోటు. అక్కడ హ్యాండిల్ తిప్పాల్సిన పనేముంది?

ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని హెడ్‌లైటు పక్కన గొంతుక్కూర్చుంది. వైర్లూ కేబుళ్ళూ అన్నీ ఒక్క కట్టగా చేరి ఉన్నాయి. మధ్యలో నల్లటి ట్యాగు. దాని తోక కూడా ముచ్చటగా కత్తిరించి ఉంది. కట్టలో ఇరుక్కున్న యాక్సిలరేటర్ కేబుల్, హ్యాండిల్ ఎడమకు తిరిగినప్పుడల్లా తాడులా బిగుసుకుని, ఎవరో తిప్పినట్టే ఇంజన్‌ను లాగుతోంది.

"ఇదెప్పుడు కట్టారు?"

ఆయన మెట్ల వైపు చూశాడు. "వేలాడుతుంటేనూ..."

"నేను నేర్చుకోక ముందా, తర్వాతా?"

"ఆ వారమే అనుకుంటా."

ఆమె లోపలికెళ్ళి వంటింటి కత్తెర తెచ్చింది. ట్యాగు తెగి కిందపడింది. హ్యాండిల్‌ను ఎడమకు తిప్పింది, కుడికి తిప్పింది, చివరిదాకా తిప్పి కాసేపు అలాగే పట్టుకుంది. బండి ఒకే గొంతుతో గునుస్తూ ఉండిపోయింది.

"ఇన్నిసార్లు చూసి, ఆ మెకానిక్కైనా కనిపెట్టొద్దూ!" అన్నాడు భర్త. అంటూనే జేబులోంచి ఇంకో ట్యాగు తీశాడు. "ఈసారి కాస్త వదులుగా..."

కత్తెర ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ట్యాగు తిరిగి జేబులోకి పోయింది.

రాత్రి భోజనాల దగ్గర ఆయన హుషారుగా ఉన్నాడు. "బండి బాగైపోయింది కదా, రేపు ఆఫీసుకి..."

"రేపట్నుంచి పొద్దున బండి నాది" అంది ఆమె, ఆయన కంచంలో కూర వడ్డిస్తూ. "ట్యుటోరియల్‌కి వస్తున్నానని సాయంత్రమే ఫోన్ చేసి చెప్పేశాను. మీ ఆఫీసు పక్క వీధిలోనేగా, నడవండి."

ఆయన ముద్ద కంచంలో పెట్టేశాడు. "మరి పొద్దున్నే అమ్మకి కాఫీ?"

"నువ్వు పెడతావులే" అంది అత్తగారు, మజ్జిగ గిన్నె దగ్గరకు లాక్కుంటూ. "ఆ కాఫీపొడి డబ్బాకి మళ్ళీ ట్యాగు బిగించిందీ నువ్వేగా."

ఆయన తినేసి చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"కత్తెర ఎక్కడ పెట్టావ్?"