పసుపు అంచు

పొడుగు తోక మీబై చేప ఎర్రగా, ఒంటినిండా ఊదా చుక్కలతో పండక్కి ముస్తాబైనట్టుంటుంది. నెలవంకలా చీలిన తోక అంచు తెలుపైతే నిక్షేపంగా వండుకోవచ్చు. పసుపైతే విషం, ఎంత ఉడికించినా పోదు. ఇతోమాన్ అనే రేవు ఊరి చేపల బజారులో ఆ తేడా తేల్చాలంటే కమదో ముసలమ్మే. ఆవిడ ఊఁ అంటేనే ఎవరైనా పొయ్యి వెలిగించేది.

ఆవిడ కళ్ళకు పొరలొచ్చాయని కోడలు మిత్సుయేకి ఒక్కదానికే తెలుసు. తెలిసీ నోరు మూసుకోవడం ఆ ఇంట్లో ఆమె నేర్చుకున్న మొదటి పని.

ఆ ఉదయం టోఫు అమ్మే హత్సు వచ్చింది. "కమదోక్కా, మా అమ్మాయి బాలింత. పాలు పడాలి. పులుసుకి మంచి చేప చూసిపెట్టు."

కమదో ఒక మీబైని ముక్కు దాకా తెచ్చుకుని తోక తిప్పి చూసింది. "తెలుపే. నిశ్చింతగా వండుకో."

పక్కనుంచి మిత్సుయే కూడా చూసింది. అంచు పసుపు. "అత్తయ్యా, కాస్త పసుపు తిరిగినట్టు..."

"ఓహో! యాంబారు కొండల్లో పందుల్ని మేపినదానివి, నాకు చేపలు నేర్పుతావుటే?" బజారంతా గొల్లుమంది. హత్సు కూడా నవ్వింది. "సగం హత్సుకి కొయ్యి, సగం మనింటికి. నేనే తింటా, చూద్దువుగాని!"

మిత్సుయే ముఖం మండిపోయింది. సరే, చూద్దాం అనుకుంది. ఆ పాడు ఆలోచన ఎందుకొచ్చిందో గానీ, వచ్చాక పోలేదు. చేపను రెండు చేసి హత్సు వాటా చుట్టి ఇచ్చింది. మొగుడు వేటకెళ్ళాడు. రాత్రి అత్తకు పులుసు వడ్డించి, తనకు ఆకలి లేదంది.

తెల్లారేసరికి ముసలమ్మ పెదాలు తిమ్మిరెక్కాయి. లేవలేక దాహమంది. మిత్సుయే ఐసు ముక్కలేసి నీళ్ళిచ్చింది. పెదవికి తగలగానే ముసలమ్మ గ్లాసు విసిరికొట్టింది. "చంపుతావుటే? సలసల కాగే నీళ్ళిస్తావా?"

ఐసు ముక్కలు నేలమీద దొర్లాయి. ఈ విషం ఎక్కితే చల్లనిది కాలుతుందని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ చప్పుడు విని ముసలమ్మకీ అర్థమైంది.

అంతలో హత్సు తలుపు తోసుకొచ్చింది. "కమదోక్కా! చన్నీళ్ళు ముట్టుకుంటే చేతులు కాలుతున్నాయని మా పిల్ల ఏడుస్తోంది. దాని పాలు తాగి పసివాడు కళ్ళు తేలేశాడు. తెలుపన్నావుగదే!"

కమదో తల మెల్లగా కోడలివైపు తిప్పింది. "రాత్రి నువ్వు తిన్నావుటే?"

"లేదత్తయ్యా."

"అయితే నీకు కనిపించిందన్నమాట."

హత్సు ఏడుపు ఆపి మిత్సుయేకేసి చూసింది.