మాట ఉపవాసం

దుప్పటి రెండు కొసలు చిన్నామె చేతుల్లో, రెండు కొసలు పెద్దామె చేతుల్లో ఉన్నాయి. ఇద్దరూ ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచి మధ్యలో కలిశారు. కొసలు చేతులు మారాయి. ఆసుపత్రి లాండ్రీలో పదహారేళ్ళుగా ఈ తోడికోడళ్ళు రోజుకు రెండు వందల సార్లు ఇలాగే కలుసుకుంటున్నారు.

ఈ నలభై రోజులుగా మాత్రం కలిసినా మాట లేదు. ఈస్టరు దాకా నోరు విప్పనని చిన్నామె మొక్కుకుంది. కొందరు మాంసం మానేస్తారు, కొందరు కాఫీ మానేస్తారు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు గనుక మాటనే మానేసింది.

పెద్దామె వెళ్ళే చర్చి సంఘంలో ఈస్టరు ముందరి ఈ నలభై రోజుల శ్రమకాలం పాటింపు లేదు. "నలభై రోజులు ఉండమని ఏ వాక్యంలో ఉందో చూపించవే, నేనూ ఉంటా," అంది మొదటిరోజే. "నోరు మూసుకుంటే పరలోకం వచ్చేటట్టయితే చేపలన్నీ అక్కడే ఉండాలి. మూడు రోజులు ఆగలేవు నువ్వు."

నాలుగో రోజు నుంచి ఆ ఉపవాసం దేవుడి కోసమో, తోడికోడలి మీద గెలుపు కోసమో చిన్నామెకే తెలియలేదు. పెద్దామెకు చదువు రాదు. భోజనాల వేళ చిన్నామె బైబిలు చదివి వినిపించేది. అదీ ఆగిపోయింది.

ఈస్టరుకు ముందురోజు, శనివారం పదకొండింటికి పెద్దామె చేతిలో దుప్పటి పక్కన పెట్టి, యూనిఫాం జేబులోంచి ఒక చీటీ తీసింది.

"మొన్న డాక్టరు ఇంట్లోవాళ్ళకి చూపించమని తెలుగులోనే రాసిచ్చాడు. గబగబా ఏదో చెప్పాడు, సగం బుర్రకెక్కలేదు. ఎడమ చెయ్యి లాగేస్తోందే చెల్లీ. కాస్త చూసిపెట్టు. ఇంకెవరికన్నా చూపిద్దామంటే, మనింటి సంగతి వీధికెందుకు?"

చిన్నామె చెయ్యి చాచబోయి ఆగింది. చదివితే చెప్పాలి. చెబితే ఇన్నాళ్ళ నిగ్రహం బూడిదలో పోసిన పన్నీరు. వేలు ఒకటి ఎత్తి చూపింది. ఒక్క రోజు.

పెద్దామె నవ్వింది. "సర్లే, రేపే చదువుదువుగాని. ఇంత దూరం వచ్చినదానివి, నా మూలంగా ఓడిపోవడమెందుకు?"

రెండింటికి పెద్దామె ఆయాసంగా ఉందని, బయట గాలికి కూర్చుంటానని వెళ్ళింది. చిన్నామె వెంట వెళ్ళబోయి, మళ్ళీ బల్ల దగ్గరే నిలబడి దిండు గలీబులు మడవసాగింది. గలీబులకు ఒక్క మనిషి చాలు.

మూడింటికి లాండ్రీ మేస్త్రీ గుమ్మంలోకి వచ్చాడు.

"మీ అక్క బెంచీ మీదే ఒరిగిపోయిందమ్మా. లోపలికి మోసుకెళ్ళేసరికే ప్రాణం లేదు. ఇది చేతిలో ఉంది."

ఆమె చీటీ విప్పి పైకే చదివింది. భోజనాల వేళ చదివినట్టే, నింపాదిగా, ప్రతి అక్షరమూ వినబడేలా. "గుండె పరీక్ష చేయాలి. ఆలస్యం చేయక వెంటనే చేర్పించండి."

"ఎవరికమ్మా చదువుతున్నావు?" అన్నాడు మేస్త్రీ.

"మా అక్కకి. పొద్దున అడిగింది."

ఆయన తల దించుకుని, ఆవిడ వస్తువులేమైనా ఉంటే తీసుకెళ్ళమన్నాడు. పెద్దగా ఏమీ లేవు. కిటికీ చెక్క సందులో ఇద్దరూ వాడే దువ్వెన గుచ్చి ఉంది. దాని పళ్ళలో చిక్కుకున్న రెండు వెంట్రుకలు, ఒకటి నల్లది, ఒకటి నెరిసింది, గాలికి మెల్లగా ఊగుతున్నాయి.